తాటాకు కిటికీలో నిలబడ్డ అక్షరం

ప్రభువు నందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ భూపాలపల్లి సంఘంల నన్ను చిన్నాపెద్దా అందరు మార్తమ్మ టీచరమ్మ అంటరు, ఎనభై దాటిన ముసలిదాన్ని, మోకాళ్లు మాట వినక ఎప్పుడు వెనక గోడకు ఆనుకోని కూసునేదాన్నే గాని ఇట్ల ముందుకొచ్చి మైకు పట్టుకునే అలవాటు నాకు లేదు. కాని పోయిన ఆదివారం ఒక తల్లి తన బిడ్డను చెయ్యి పట్టుకోని ముందుకు తెచ్చి, అయ్యగారూ, దీనికి ఎంత చెప్పినా చదువు వస్తలేదు, ఏదో శక్తి అడ్డం పడుతున్నది, ప్రార్థన చేయుండ్రి అని ఏడిసినప్పుడు, మీరంతా ఆ బిడ్డ నెత్తిమీద చేతులు పెట్టి గట్టిగ ప్రార్థన చేసినప్పుడు, నాకు కూసున్న కాడనే చెమటలు పోసినయి. ప్రార్థన తప్పని అంటలేను, నేను ప్రార్థన వల్లనే బతికినదాన్ని! కాని ఆ బిడ్డ మొఖంల ఉన్న భయం నాకు తెలుసు, అది ఒకప్పుడు నా మొఖంల ఉన్న భయమే. అందుకే జర ఓపిక చేసుకోని ఈ ముసలిదాని సాక్ష్యం వినుండ్రి.

నేను పుట్టింది దంతాలపల్లి దిక్కు ఒక పల్లె. మా నాయిన దొర గడీకి, అంటే కోట అసుంటి ఆయన ఇంటికి, వెట్టి చేసేటోడు. అవి రజాకార్ల రోజులు, సంఘపోళ్ల రోజులు. సంఘం అంటే మన చర్చి సంఘం కాదు, ఎర్రజెండా సంఘం, దొరల మీద తిరగబడ్డోళ్లు. రజాకార్లు వస్తున్నరని ఎవరన్న కేకేస్తే మా అవ్వ, నన్ను కన్నతల్లి, నా రెక్క పట్టుకోని గుంజుకపోయి జొన్నచేన్ల దాసేది, పొయ్యి మీద అంబలి పొయ్యి మీదనే మాడిపోయేది. మా అక్క అప్పటికే గడీల ఉండె. దొరసానికి పని చేయనీకె ఆడపిల్ల కావాలని కబురొస్తే పంపక తప్పలే, పంపినంక మళ్ల ఇంటికి రానియ్యలే. గడీల ఆడపిల్ల బతుకు ఎట్లుంటదో మీలో పెద్దోళ్లకు తెలుసు, పిల్లల ముందట నేను చెప్పను.

సంఘపోళ్లకు భయపడి దొర ఒకరోజు పెళ్లాంపిల్లలతోని పట్నం పారిపోయిండు, పోతు పోతు మా అక్కను గూడ తీస్కపోయిండ్రు. ఆ సందు చూసి మా నాయిన నన్ను మానుకోట దిక్కు ఉన్న ఒక మిషన్ బోర్డింగుల చేర్పించిండు. చదువు మీద ప్రేమతోని చేర్పించిండు అనుకోకుండ్రి, దొర వాపస్ వచ్చిననాడు నేను ఆయన కండ్ల పడొద్దని చేర్పించిండు. దాన్ని నడిపే మిషన్ దొరసాని మిస్సమ్మ మంచామె, మా తలలు దువ్వి, గజ్జికి మందు రాసి కడుపుల పెట్టుకోని చూసేది, కాని గింజలు దొరకని కాలం, గేటు కాడ మమ్ముల గూడ తీసుకోమని ఏడిసే తల్లిదండ్రులు ఎందరో, అందుకని ఏడాది ఆఖర్ల పరీక్ష పెట్టి, పుస్తకం చదవరాని పిల్లలను ఇంటికి పంపి ఆ జాగల ఇంకొకరిని తీసుకునుడు అక్కడి పద్ధతి. వేరే పిల్లలకు ఇంటికి పోవుడంటే ఇల్లే. నాకు మాత్రం ఇల్లు అంటే గడీ.

సహోదరులారా, నాకేమో చదువు వస్తలేదు. పలక మీద రాసిన అక్షరం నా కండ్ల ముందట నిలబడకపోతుండె. వ అనుకున్నది ప అయితది, మ అనుకున్నది య అయితది, కింది ఒత్తు పోయి పక్కదాని కింద చేరినట్టు కనబడేది, ఒక వరుసల మొదలుపెట్టి ఇంకో వరుసల తేలేదాన్ని. చెవి మాత్రం మస్తు పనిచేసేది! ఒకసారి విన్న పాట మళ్ల మరిచేదాన్ని కాదు, కంఠత వాక్యాలల్ల నాకే మొదటి బహుమానం. అది చూసి పంతులు ఇంకా కోపానికి వచ్చేటోడు, గిన్ని పాటలు వచ్చినదానికి గీ నాలుగు అక్షరాలు రావా, ఒళ్లు బద్దకం అని చింతబరిగెతోని చేతులు వాయగొట్టేటోడు. అక్షరాలు కదులుతున్నయని నేను ఎవరికి చెప్పలే. మా అవ్వకు గూడ చెప్పలే. చెప్తే పిచ్చిది అంటరు, పిచ్చిది అంటే ఇంటికి పంపుతరు, గదే నా భయం.

అట్ల ఉండంగ యూనియన్ మిలిట్రీ వచ్చింది, రజాకార్ల పీడ ఇరగడయింది, ఊరు ఊపిరి పీల్చుకున్నదో లేదో మిలిట్రీ జీపుల వెనకనే దొర గడీకి వాపస్ వచ్చిండు. ఆ ఏడు క్రిస్మస్ సెలవులకు నేను ఇంటికి పోయేసరికి గడీ తలుపులు తెరిచే ఉన్నయి. మా అవ్వ నన్ను వాకిట్లకు గూడ పోనియ్యలే. నా చదువు సంగతి తెలిసి మా నాయిన పరేషాన్ అయ్యి ఏసోబు తాతను పిలిచిండు.

ఏసోబు తాత అంటే మా పల్లెల ప్రార్థన గుడిసెకు పెద్ద. పాదిరిగారు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తే గొప్ప, మిగిలిన ఆదివారాలన్ని ఆరాధన నడిపేది తాతే. ఊరికంతటికి ఒకటే బైబిలు, దాన్ని బట్టల చుట్టి తెచ్చి, తెరిచి, ఒక కీర్తన చదివేటోడు. ప్రతి ఆదివారం అదే కీర్తన. ఆ పుస్తకం గూడ అదే పేజీ కాడ అరిగి అరిగి, పట్టుకుంటే చాలు అక్కడ్నే తెరుసుకునేది. ఎందుకు ఎప్పుడు అదే చదువుతవ్ తాతా అని ఎవరూ అడగలే, మాకు అది కడుపు నిండినట్టే ఉండేది. ఆ తాత నా సంగతి అంతా విని, పాటలు వస్తున్నయి, వాక్యాలు వస్తున్నయి, పుస్తకం ఒక్కటే వస్తలేదంటే పుస్తకం కాడికి రానియ్యనిది సైతానే అని తేల్చిండు. అందరికీ నిజమే అనిపించింది. నాకు గూడ అనిపించింది.

ఉపవాసముండి, నన్ను నడుమ మోకాళ్ల మీద కూసోబెట్టి, నెత్తిమీద చెయ్యి పెట్టి ఆయన చేసిన ప్రార్థన నాకు ఇయ్యాల్టికీ ఒక్క మాట పోకుండ యాదికున్నది.

“ప్రభువా, ఈ పసిదాని కండ్ల ముందట అక్షరాలను లేగదూడల లెక్క గంతులు పెట్టిస్తున్న దురాత్మను నీ నామంల గద్దిస్తున్న. వాటిని ఒక్కచోట నిలబడనియ్యి తండ్రీ. ఒక్కసారన్న నిలబడనియ్యి.”

అట్ల అనుకుంట ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చిండు, ఆయన కన్నీళ్లు నా మెడమీద పడ్డయి. అక్షరాలు గంతులు వేస్తయని ఈయనకు ఎట్ల తెలిసింది? నేను ఎవరికి చెప్పకపోతిని! దేవుడే బయలుపరిచిండు అనుకున్న. ప్రార్థన కాంగనే తాత బైబిలు నా చేతుల పెట్టి చదువు బిడ్డా అన్నడు. పుస్తకం ఎప్పటి లెక్కనే ఆ కీర్తన కాడ తెరుసుకున్నది. నేను పేజీ దిక్కు చూసిన, నోరు తెరిచిన, కీర్తన మొత్తం వాగు పారినట్టు వచ్చేసింది. గుడిసె గుడిసంత చప్పట్లు, స్తోత్రాలు! మా నాయిన నన్ను భుజం మీదికి ఎత్తుకున్నడు. నేనేమో నిజంగనే చదివిన అనుకున్న, సహోదరులారా. మోసం చేయాలని కాదు, నాకే తెల్వలే. దయ్యం పోయిందని ఆ సంబురంల రెండు ముద్దలు ఎక్కువ తిన్న.

బోర్డింగుకు వచ్చినంక వాచకం తెరిచి చూస్తే అక్షరాలు మళ్ల కదులుతున్నయి.

ఆ పొద్దు నా గుండె ఏమైందో చెప్పలేను. పోయిన దయ్యం ఒంటరిగ రాదు, తనకంటే చెడ్డవాటిని ఎంబడి తోలుకోని వస్తదని ప్రసంగాలల్ల విన్నదాన్ని. అంటే నా లోపల ఇప్పుడు ఎన్ని ఉన్నయో! పాట పాడుడు బంద్ చేసిన, ఆ దయ్యాలు నా నోటితోని దేవుని పేరు పలుకుతయేమో అని. పక్క పిల్లను ముట్టుకుంటే దానికి అంటుకుంటయేమో అని ఒక మూలకు జరిగి పండుకున్న. అన్నం గొంతు దిగకపోయేది. అక్కడ ఊర్లనేమో ఏసోబు తాత అందరికి నా సాక్ష్యం చెప్పుకుంట తిరుగుతున్నడు, ఇక్కడ మిస్సమ్మ అది చెవిన పడి సంతోషంతోని కొత్త కథల పుస్తకం తెచ్చి చదవమన్నది, నేను బొమ్మ లెక్క నిలబడ్డ. ఆమె మొఖం చిన్నబోయింది. మర్నాడు నన్ను మొద్దుల వసారాకు పంపింది.

మొద్దుల వసారా అంటే వంటింటి వెనక ఉన్న వసారా, పిల్లలు దానికి పెట్టిన పేరు అది. పంతుళ్లు ఇగ మాతోని కాదని ఇడిసిపెట్టిన పిల్లలకు అక్కడ రూతమ్మ టీచరమ్మ చదువు చెప్పేది, ఆమెకు బోర్డింగుల వేరే పనే లేదు. బెజవాడ దిక్కు మనిషి, ఆమె మాటకు మేము నవ్వేటోళ్లం, మా మాటకు ఆమె నవ్వేది. ఆమెకు ఒక తమ్ముడు ఉండెనట, బళ్లె దెబ్బలకు తాళలేక ఇల్లు ఇడిసి పోయి మళ్ల రాలేదట. అసుంటి పిల్లలకు చదువు చెప్పేది ఎట్ల అని ఆమె ఎక్కడెక్కడనో తిరిగి నేర్చుకున్నది. నన్ను ఎదురుంగ కూసోబెట్టుకోని, పలక లేదు, బరిగె లేదు, మెల్లగ ఒకటే అడిగింది, అక్షరాలు కదులుతున్నాయా అమ్మా అని.

నేను ఆమె కాళ్లమీద పడ్డ. ఎవరికి చెప్పకు టీచరమ్మా, నాలోపల దయ్యాలు ఉన్నయి, పంపేస్తరు, నన్ను గడీల ఏస్తరు అని ఏడిసిన. ఆమె నన్ను లేపి, నా రెండు చేతులు తన చేతులల్ల పెట్టుకోని కండ్లు మూసుకున్నది.

“ప్రభువా, ఈ బిడ్డలో ఏ దయ్యమూ లేదని నీకు తెలుసు, నాకూ తెలుసు. ఈమె కన్నును ఇలాగే చేశావు. ఆ సంగతి ఈ బిడ్డకు కూడా తెలిసేలా చెయ్యి.”

అంతే ప్రార్థన. కేక లేదు, గద్దింపు లేదు. సహోదరులారా, నా విడుదల ఎప్పుడు జరిగిందని ఎవరన్న అడిగితే నేను ఆ గడియనే చూపిస్త. అక్షరం ఇంకా ఒక్కటి గూడ రాలే, కాని ఆనాడు నేను అన్నం తిన్న. దేవునికే మహిమ!

తరువాత పని మొదలయింది. చాటల సన్న ఇసుక పోసి, ఒక్కటే అక్షరం, నోటితోని అనుకుంట వేలితోని రాయాలె, కండ్లు మూసుకోని రాయాలె, నేలమీద ముగ్గుతోని పెద్దగ గీస్తే దానిమీద నడవాలె. ఆ అక్షరం కాలికి గూడ తెలిసినంకనే ఇంకోదాని జోలికి పోయేది. పుస్తకం కాడికి వచ్చేసరికి ఒక తాటాకు ముక్కకు నడుమ చిన్న కిటికీ కోసి ఇచ్చింది. పేజీ మీద ఆ ఆకు పెడితే ఒక్క మాటే కనబడేది, అటు ఇటు ఉన్నవి మూసుకపోయేవి, నిలబడుమంటే అది నిలబడేది. నాకు నోటికి వచ్చిన పాఠం వస్తే నేను కిటికీని ఇడిసి ముందుకు ఉరికేదాన్ని, అప్పుడు ఆకు మీద చెయ్యేసి వెనకకు గుంజి, నీ చెవి పెద్ద దొంగమ్మా, కన్నుకు పెట్టకుండా అంతా తానే తినేస్తుంది అనేది. కంటితోని చూడందే నోరు తెరవొద్దు, అది ఆమె కట్టడి.

కాని ఎంత మెల్లగనో! ఒక్క వరుస చదివేసరికి వేరే పిల్లలు పాఠం పూర్తి చేసి ఆడుకోను పోయేటోళ్లు. పరీక్ష దగ్గరికొస్తున్నది. రోడ్డు మీద మిలిట్రీ లారీ చప్పుడైతే చాలు, అది మా ఊరి దిక్కు పోతున్నదా, దాని వెనక దొర జీపు ఉన్నదా అని నా చెవులు అటే పోయేవి. ఒకనాడు మా నాయిన వచ్చి గేటు కాడనే నిలబడ్డడు, లోపలికి రాలే. అక్క వాపస్ వచ్చిందట, గడీలనే ఉన్నదట, దూరం నుంచి చూసిండట గాని మాట్లాడనియ్యలేదట. గడీ గుమాస్తా మా నాయినను ఆపి నీ చిన్నబిడ్డ ఏది అని అడిగిండట.

“చదువుకుంటున్నదని చెప్పిన బిడ్డా. మిషనోళ్ల కాడ ఉన్నన్ని రోజులు వాళ్లు అడగరు. ఇంటికొస్తే మాత్రం నా చేతుల ఏం లేదు.”

అట్లని నా దిక్కు చూడకుండ పోయిండు. ఆనాటి నుంచి ప్రతి అక్షరం కాడ నాకు గడీ తలుపే కనబడేది.

పరీక్షనాడు జనగామ నుంచి పెద్ద పాదిరిగారు వచ్చిండు. తల్లిదండ్రులను గూడ రానిచ్చిండ్రు. మా నాయినతోని ఏసోబు తాత గూడ అంత దూరం నడుచుకుంట వచ్చిండు, చంకల బట్టల చుట్టిన బైబిలు. నా వంతు రాంగనే తాత లేచి, అయ్యగారూ, ఈ పిల్లను దేవుడు విడిపించిండు, ఇందులనే చదివించుండ్రి అని సంబురంగ పుస్తకం నా ముందట పెట్టిండు. అది ఎప్పటి లెక్కనే ఆ కీర్తన కాడ తెరుసుకున్నది.

నాకు ఆ కీర్తన నిద్రల లేపి అడిగినా వస్తది. గడగడ చెప్పేస్తే అయిపోయేది. నాలుక కొసకు వచ్చింది గూడ. కాని చెయ్యి అలవాటు పడి ఆకు పెట్టేసింది, కన్ను పోయి కిటికీల చిక్కింది, ఇగ నోరు కన్ను ఎంబడే నడవాల్సి వచ్చింది. ఒక్కొక్క మాట. ఆగి, తొడమీద వేలితోని రాసుకోని, మళ్ల చదివి, తప్పు పోయి, వెనకకు వచ్చి. వాగు లెక్క పారిన కీర్తన ఇప్పుడు నత్త లెక్క నడుస్తున్నది. వినెటోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఏసోబు తాత కండ్లు మూసుకోని, ప్రభువా, మళ్ల వచ్చిందా, మళ్ల వచ్చిందా అని గొణుగుడు మొదలుపెట్టిండు. మా నాయిన కింద కూలబడ్డడు. పాదిరిగారు పాపం అన్నట్టు తల ఊపి పుస్తకం మూయనీకె చెయ్యి చాపిండు. ఇగ అయిపోయింది, రేపటికల్ల నేను గడీల ఉంట అనుకున్న. ప్రభువా, ఈ చెయ్యిని ఆపు అని లోపల్లోపల మొర పెట్టుకున్న.

అప్పుడు వెనకనుంచి రూతమ్మ టీచరమ్మ లేచింది.

“అయ్యగారూ, ఆ కీర్తన ఈ పాపకి పుస్తకం లేకుండానే వచ్చు. ఎవరికీ నోటికి రానిది ఇచ్చి చూడండి.”

పాదిరిగారు ఆమె దిక్కు ఒకసారి చూసి పేజీలు తిప్పిండు. ఎవరికి ఎవరు పుట్టిండ్రో పేర్లు పేర్లుగ ఉంటది చూడుండ్రి, అసుంటి జాగ ఒకటి తీసిండు. మా ఊరి బైబిలుల ఆ పేజీలు చెమ్మకు అతుక్కపోయి ఉన్నయి, పెన్సిలుతోని మెల్లగ విడదీసి నా ముందట పెట్టిండు. నేను ఆకు పెట్టిన. కిటికీల ఒక పేరు వచ్చి నిలబడ్డది. కొసరి కొసరి చదివిన. ఆకు జరిపిన, ఇంకొక పేరు. జన్మల విననోళ్ల పేర్లు! చెవి ఇచ్చినవి కావు అవి, నా కన్ను ఇచ్చినవి. ఎంతసేపు చదివిననో తెల్వదు. గొణుగుడు ఆగిపోయింది. కీర్తన ఎంత మెల్లగ చదివిననో పేర్లు గూడ అంతే మెల్లగ చదివిన, అప్పుడు గాని అందరికి తెలిసిరాలే, ఇందాక ఈ పిల్ల చదవరాక తడబడలేదు, నిజంగ చదివిందని. పాదిరిగారు చాలు తల్లీ, ఈ పిల్ల ఇక్కడ్నే ఉంటది అన్నడు. చప్పట్లు ఎవరూ కొట్టలే. మా నాయిన మాత్రం తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకున్నడు.

తిండ్లు అయినంక నేను వసారాకు పోతే ఏసోబు తాత ఒక్కడే అక్కడ కూసోని ఉన్నడు. ఒళ్లె బైబిలు, దాని మీద నా తాటాకు. కీర్తన మీద ఆ కిటికీని అటు జరుపుతున్నడు, ఇటు జరుపుతున్నడు. నన్ను చూసి దాసుకోలే.

“బిడ్డా, ఈ ఆకు పెడితే నీకు నిలబడ్డయా?”

నిలబడ్డయి తాతా అన్న.

“నాకు గూడ జర సూపియ్యి.”

అప్పుడు తెలిసింది సహోదరులారా, నా అక్షరాలు గంతులు వేస్తయని ఆయనకు ఎట్ల తెలిసిందో. ఆ కీర్తన ఆయన ఎన్నడు చదవలే, చిన్నప్పుడు ఎవరో సువార్తికుడు చెప్తే చెవితోని పట్టుకున్నడు. పుస్తకం పట్టినప్పుడల్ల అక్షరాలు కదులుతుంటే తన లోపలనే దయ్యం ఉన్నదని, వాక్యం చెప్పే నోట్లనే సైతాను ఉన్నడని, ఎవరికి చెప్పుకోలేక బతుకంత వణికిండు. ఆనాడు నా నెత్తిమీద చెయ్యి పెట్టి ఒక్కసారన్న నిలబడనియ్యి తండ్రీ అని ఏడ్సింది నా గురించే కాదు. రూతమ్మ టీచరమ్మ వచ్చింది, ఇసుక చాట తెచ్చి తాత ముందట పెట్టింది. ఆ ముసలి వేలు ఇసుకల మొదటి అక్షరం రాస్తుంటే నేను చూసిన. దేవునికే మహిమ!

మా అక్కను దేవుడు ఆ ఏడు బయటికి తేలే, ఎందుకు తేలేదో నాకు ఇప్పటికీ తెల్వదు, ఆ మాట దాసిపెట్టి సాక్ష్యం చెప్తే అది సాక్ష్యం కాదు. చాన ఏండ్లకు వచ్చింది, అక్షరాల జోలికి రాలే, నేను చదువుతుంటే పక్కన కూసోని వినేది. నేను ఆ మొద్దుల వసారాలనే టీచరమ్మనైన, బతుకంత అదే పని చేసిన. ఇప్పుడు డాక్టర్లు దానికి డిస్లెక్సియా అని పేరు పెట్టిండ్రు, మంచిదే, పేరుంటే భయం తగ్గుతది.

అమ్మా, పోయిన ఆదివారం బిడ్డను తెచ్చిన తల్లీ, ఎక్కడ కూసున్నవో గాని విను. నీ బిడ్డల ఏ దయ్యం లేదు. ప్రార్థన ఆపకు, కాని రేపు పొద్దున దాన్ని మా ఇంటికి తోలుకరా, చాట ఉన్నది, ఇసుక ఉన్నది, తాటాకు కోసి పెట్టిన. నన్ను పట్టుకున్న దేవుడు దాన్ని ఇడిసిపెట్టడు, ఆయనను నమ్ము. ఇంకొక మాట చెప్పి కూసుంట. ఆనాడు ఆ బిడ్డ నెత్తిమీద చేతులు పెట్టిన పెద్దలల్ల, చేతుల పుస్తకం పట్టుకోని ఇన్నేండ్లు చెవితోనే నెట్టుకొస్తున్నోళ్లు ఎవరన్న ఉంటే, సిగ్గు పడకుండ్రి. బిడ్డతోని మీరు గూడ రాండ్రి, ఇంకొక చాట పెడుత.